150 సీసీ రేసు బైకుకు ఎంత గాలి? ప్రాజెక్టు డైరీ

బైకు 150 సీసీ, ఒకే సిలిండర్. లైట్లు, అద్దాలు పీకేశాక పెట్రోలుతో కలిపి 122 కిలోలు. నడిపేది మా తమ్ముడు, హెల్మెట్, లెదర్ సూటుతో 68 కిలోలు. గేజ్, నోటుపుస్తకం నా పని. టైర్లు ముందు 90/80-17, వెనక 130/70-17, రెండూ ట్యూబ్‌లెస్, రోడ్డు మీద కూడా నడపగలిగే మెత్తటి రబ్బరు. టైర్ వార్మర్లు (బయల్దేరే ముందే టైరుని వేడి చేసే దుప్పట్లు) లేవు. ట్రాక్ పొట్టిది, లాప్ (ఒక చుట్టు) 62 సెకన్ల చిల్లర, కుడి మలుపులే ఎక్కువ. రేసు 8 లాప్‌లు.

కింద రాసిన అంకెలన్నీ ఈ బరువుకి, ఈ టైర్లకి కుదిరినవి. మీ బైకుకి అంకెలు మారతాయి, వాటిని పట్టుకునే పద్ధతి మాత్రం ఇదే.

దశ 1: ముందు గేజ్ సంగతి

ఒకే టైరుకి మూడు గేజ్‌లు పెట్టి చూశాం. పెన్ను గేజ్ 27.5 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అంది, డయల్ గేజ్ 29 అంది, డిజిటల్ 29.4 చూపించింది. వీటిలో ఏది నిజమో తేల్చుకోనక్కర్లేదు. మనకు కావాల్సింది, ఒకే గాలికి ప్రతిసారీ ఒకే అంకె చూపించే గేజ్. అదే టైరుకి ఒక్కో గేజ్‌నీ ఐదేసి సార్లు పెడితే డిజిటల్ 0.2 లోపలే ఉంది, డయల్ 0.3 లోపల. పెన్ను గేజ్ మాత్రం 1.5 పీఎస్ఐ దాకా అటూ ఇటూ ఊగింది. మేం వెతికే తేడాలు అర పీఎస్ఐవి కాబట్టి దాన్ని పక్కన పెట్టేశాం.

ఇక్కడే తేలిన ఇంకో విషయం: గేజ్ తగిలించిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది. ముందు టైరుకి వరసగా పదిసార్లు తగిలిస్తే పీఎస్ఐకి కొంచెం తక్కువ దిగింది. చిన్న టైర్లలో గాలే తక్కువ కాబట్టి ఇది లెక్కలోకి వస్తుంది. టెన్షన్‌తో గ్రిడ్‌లోకి (రేసు మొదలయ్యే చోటుకి) వెళ్లే ముందు నాలుగుసార్లు చూసుకునే అలవాటుంటే, చూసుకోవడంతోనే సెట్టింగ్ మారిపోతుంది.

1. ఒకే గేజ్, ఒకే మనిషి.
2. వాల్వ్ పిన్ మీద సబ్బు నీళ్లు వేసి బుడగ వస్తుందేమో చూడాలి.
3. వాల్వ్‌కి లోపల రబ్బరు సీలున్న లోహపు మూత పెట్టాలి.
4. పక్క టీమ్ వాళ్లు చెప్పిన అంకె తీసుకునే ముందు, వాళ్ల గేజ్‌నీ మన గేజ్‌నీ ఒకే టైరు మీద పోల్చుకోవాలి.

దశ 2: మాన్యువల్‌లో రాసినట్టు

మాన్యువల్ ప్రకారం ముందు 29, వెనక 33. గాలి ఉష్ణోగ్రత 31 డిగ్రీలున్నప్పుడు సరిగ్గా అంతే పెట్టి వదిలాం. పావుగంట తర్వాత పిట్‌లోకి (ట్రాక్ పక్కన బైకు ఆపి పని చేసుకునే చోటుకి) వచ్చిన వెంటనే ముందు 32.5, వెనక 37.9.

వెనక టైరు మలుపు దాటి గ్యాస్ (యాక్సిలరేటర్) ఇచ్చేటప్పుడు చిన్న గతుకు తగిలినా ఎగురుతోంది. బ్రేకులు పట్టే చోట ముందు టైరు కూడా అంతే. రబ్బరు మీద అరిగిన పట్టీ సన్నగా ఉంది. ఇందులో వింతేం లేదు. మాన్యువల్ అంకె, వెనక కూర్చునే ఇంకో మనిషి, సామాను, గుంతల రోడ్డు, టైరు మన్నిక అన్నీ చూసుకుని రాసినది. 190 కిలోల మొత్తం బరువుతో నున్నటి తారు మీద తిరిగే బైకుకి అది ఎక్కువే.

టైర్ల మీద ఇప్పటిదాకా మొత్తం లాప్‌లు: 14.

దశ 3: 20/20

గాలి తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుందని ప్యాడాక్‌లో (టీమ్‌లు బైకులు సిద్ధం చేసుకునే చోట) ఎవరిని అడిగినా చెబుతారు. హద్దు ఎక్కడుందో తెలియాలంటే దాన్ని దాటి చూడాలి కాబట్టి రెండింటిలోనూ 20 పెట్టాం. అప్పుడు గాలి 33 డిగ్రీలు. టైరు అంచు నుంచి రిమ్ మీదకు తెల్ల పెయింట్‌తో ఒక గీత గీశాం, రెండు చక్రాలకీ.

మొదటి రెండు లాప్‌లు నిజంగానే బాగున్నాయి. టైరు బాగా నలుగుతుంది, నలిగితే త్వరగా వేడెక్కుతుంది, చల్లటి టైరుతో బయల్దేరే బైకుకి అది లాభమే. మూడో లాప్ నుంచి హ్యాండిల్ బరువెక్కింది. ఎడమ, కుడి వెంటవెంటనే వచ్చే చోట బైకు ఒక పక్కనుంచి ఇంకో పక్కకి వాలడానికి ఆలోచిస్తున్నట్టుంది. తమ్ముడు ముందే ఆపేసి వచ్చాడు. "అన్నా, నేను తిప్పాక కాసేపటికి తిరుగుతోంది" అన్నాడు.

కొలతలు: ముందు 23.7, వెనక 24.6. లాప్ టైమ్ దశ 2 కన్నా 0.8 సెకను నెమ్మది. వెనక చక్రం మీద గీత విరిగి, టైరు ముక్కకీ రిమ్ ముక్కకీ మధ్య 9 మిల్లీమీటర్ల ఎడం వచ్చింది. అంటే గ్యాస్ ఇచ్చినప్పుడల్లా టైరు రిమ్ మీద జారుతోంది. ట్యూబ్ ఉన్న చక్రమైతే ట్యూబ్ కూడా టైరుతో జరిగి వాల్వ్ మొదట్లో తెగుతుంది, నడుస్తుండగానే గాలి మొత్తం పోతుంది. ట్యూబ్ టైర్లతో రేసు చేసేవాళ్లు ఈ పెయింట్ గీత లేకుండా గాలి తగ్గించడం మొదలుపెట్టొద్దు.

టైర్ల మీద లాప్‌లు: 25.

దశ 4: వేడి అంకెతో మెట్లు

పై రెండు దశల్లోనూ చూస్తే, బైకు ఎలా నడుస్తుందో చెప్పేది పిట్‌లోకి వచ్చినప్పటి వేడి ప్రెషర్. పొద్దున పెట్టే చల్ల ప్రెషర్ అక్కడికి చేరడానికి తిప్పే నాబ్ లాంటిది. అందుకే ఇక్కణ్ణుంచి లక్ష్యాలన్నీ వేడి అంకెల్లోనే రాశాం.

పద్ధతి:

1. ఒకసారి ఒక చక్రమే మార్చాలి. రెండోది ముట్టుకోకూడదు.
2. ఒక్కో సెట్టింగ్‌కి 8 లాప్‌లు, చివరి ఐదు లాప్‌ల సగటు రాసుకోవాలి.
3. పిట్‌లోకి వచ్చిన నిమిషం లోపు ప్రెషర్, ఆ వెంటనే టైరు ఉష్ణోగ్రత.
4. నడిపినవాడు ఏమనిపించిందో చెప్పేదాకా లాప్ టైమ్ వినిపించకూడదు.
5. చివర్లో మళ్లీ మొదటి సెట్టింగ్‌కి తిరిగి రావాలి.

ఐదోది చాలామంది వదిలేస్తారు, ఈ పద్ధతికి ప్రాణం అదే. వెనక 34తో మొదట 62.9 వచ్చింది, చివర్లో అదే 34తో 62.7 వచ్చింది. ఆ 0.2 తమ్ముడు ట్రాక్‌కి అలవాటు పడటం వల్ల వచ్చింది, గాలి వల్ల కాదు. ఇది తెలియకపోతే చివరగా ప్రయత్నించిన సెట్టింగే మంచిదనిపిస్తుంది.

వెనక (ముందు చక్రం 30 వేడి దగ్గరే ఉంచి):

- 34: 62.9. గతుకుల మీద ఎగురుడు.
- 31: 62.4. ఎగురుడు చాలావరకు పోయింది.
- 29: 62.1. గ్యాస్ ముందే ఇవ్వగలుగుతున్నాడు.
- 27: 62.2. పట్టు ఉంది, పక్కలు మార్చేటప్పుడు బద్ధకం.

29కీ 27కీ మధ్య 0.1 సెకను తేడాని నేను నమ్మను. తేల్చింది తమ్ముడి మాట, పెయింట్ గీత. 27 దగ్గర గీత 2 మిల్లీమీటర్లు జరిగింది, 29 దగ్గర కదల్లేదు. 29 ఖాయం చేశాం.

ముందు చక్రాన్ని కూడా ఇలాగే 31, 30, 28.5, 27 మెట్లలో దించాం. 28.5 దగ్గర బ్రేకు వదులుతూ మలుపులోకి దిగేటప్పుడు ముందు టైరు ఏం చేస్తోందో చేతులకి తెలుస్తోంది అన్నాడు. 27 దగ్గర గట్టిగా బ్రేకు పట్టినప్పుడు టైరు పక్క గోడ నలిగి బైకు నిటారుగా లేవాలని చూస్తోంది.

ఉష్ణోగ్రత కొలవడం గురించి కొంచెం. ఇన్‌ఫ్రారెడ్ గన్ చదివేది పైపొరని మాత్రమే, అది పిట్ దారిలోనే చల్లబడిపోతుంది. రబ్బరులోకి రెండు మిల్లీమీటర్లు దిగే సూది థర్మామీటర్‌తో వెనక టైరు కుడి భుజం (వాలినప్పుడు నేలకి ఆనే పక్క భాగం) 75, మధ్య 69, ఎడమ భుజం 61 వచ్చింది. కుడి మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో ఇది మామూలే. గాలితో దీన్ని సరిచేయలేం, టైరంతటికీ ప్రెషర్ ఒక్కటే. ఎడమ భుజం చల్లగా ఉంటుందని తెలిసి, మొదటి లాప్‌లో మొదటి ఎడమ మలుపుని నెమ్మదిగా తీసుకోవడమే మార్గం.

టైర్ల మీద లాప్‌లు: 105. ఇప్పటికి ఖాయమైనవి: వేడి 28.5 / 29 (ముందు / వెనక).

దశ 5: లెక్కకి మించి పెరిగిన గాలి

ఒక రోజు 30 డిగ్రీల దగ్గర ముందు టైరులో 25 పెట్టాం. తిరిగొచ్చాక 31.1 ఉంది. అంత పెరగడానికి టైరు అంత వేడెక్కనే లేదు. అక్కడ కూర్చుని లెక్క వేశాం. లెక్క తేలిక, మీరూ నేర్చుకోండి:

1. గేజ్ అంకెకి 14.7 కలపండి. అది బయటి వాతావరణ పీడనం.
2. ఉష్ణోగ్రతకి 273 కలపండి.
3. ప్రెషర్‌ని కొత్త ఉష్ణోగ్రతతో గుణించి, పాత ఉష్ణోగ్రతతో భాగించండి.
4. వచ్చినదాంట్లోంచి 14.7 తీసేయండి.

25కి 14.7 కలిపితే 39.7. 30 డిగ్రీలంటే 303, మా టైరు లోపలి గాలి మామూలుగా చేరే 60 డిగ్రీలంటే 333. 39.7ని 333తో గుణించి 303తో భాగిస్తే 43.6, అంటే గేజ్ మీద 28.9. మా గేజ్ అంతకంటే 2.2 ఎక్కువ చూపించింది.

వాల్వ్ పిన్ విప్పి, వాల్వ్ కిందికి వచ్చేలా చక్రం తిప్పి గాలి వదిలితే తుంపర్లు పడ్డాయి. లోపల నీళ్లు. ప్యాడాక్‌లో అందరూ వాడుకునే కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు పేరుకుని, గాలితో పాటు టైరులోకి వచ్చాయి. లోపల తడి ఉంటే 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఒత్తిడి 0.6 పీఎస్ఐ ఉంటుంది, 60 డిగ్రీల దగ్గర 2.9 దాకా వెళ్తుంది. ఆ 2.3 పొడి గాలి లెక్క మీద అదనంగా చేరుతుంది. మా 2.2కి దాదాపు సరిపోయింది.

నైట్రోజన్ నింపితే ప్రెషర్ పెరగదనే మాట దీన్నుంచే పుట్టింది. నైట్రోజన్ కూడా వేడికి పొడి గాలంతే పెరుగుతుంది. దాని మేలంతా పొడిగా ఉండటంలోనే ఉంది. మేం మార్చింది ఇంతే: కంప్రెసర్ అడుగున ఉన్న డ్రెయిన్ తిప్పి నీళ్లు వదిలాకే గాలి పడతాం, పైపుకి తడి ఆపే ఫిల్టర్ బిగించాం, టైరు కొత్తగా ఎక్కించినప్పుడు లోపలి భాగం పొడి గుడ్డతో తుడుస్తాం. రిమ్‌కి టైరు ఎక్కించేటప్పుడు రాసే సబ్బు నీళ్లు కూడా లోపలే ఉండిపోతాయి కాబట్టి గాలి నింపి, ఖాళీ చేసి, మళ్లీ నింపుతాం.

ఇదే లెక్క ఇంకో చోట పనికొస్తుంది. సముద్ర మట్టం దగ్గర గాలి నింపుకుని 900 మీటర్ల ఎత్తున్న ట్రాక్‌కి వెళ్తే, అక్కడ బయటి పీడనం 13.2 మాత్రమే. ఉష్ణోగ్రత మారకపోయినా గేజ్ పీఎస్ఐన్నర ఎక్కువ చూపిస్తుంది.

టైర్ల మీద లాప్‌లు: 113.

దశ 6: పొద్దున, మధ్యాహ్నం

పొద్దున 22 డిగ్రీలు, మధ్యాహ్నం 36. చల్ల ప్రెషర్ పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆ అంకెకి అర్థం లేదని ఈ దశలో బాగా తెలిసింది. 25 పీఎస్ఐ దగ్గర ప్రతి 10 డిగ్రీలకి సుమారు 1.3 మారుతుంది.

వేడి 28.5 / 29 చేరడానికి మాకు కావాల్సినవి:

- పొద్దున 22 డిగ్రీల దగ్గర: 23.8 / 23.5
- అదే గాలి, ముట్టుకోకుండా మధ్యాహ్నం 36 దగ్గర: 25.6 / 25.3
- మధ్యాహ్నం పెట్టాల్సింది: 24.7 / 24.2

మూడు వరసలూ జాగ్రత్తగా చదవండి. మధ్యాహ్నం ట్రాక్ వేడిగా ఉంటుంది కాబట్టి గాలి తీయాలి, అది నిజం. కానీ తీశాక కూడా గేజ్ అంకె పొద్దుటి కన్నా ఎక్కువే ఉండాలి. "పొద్దున 23.8తో బాగుంది, మధ్యాహ్నం వేడి కదా, 23 పెడదాం" అనుకుంటే, తీయాల్సిన 0.9కి బదులు 2.6 తీసేస్తాం. దశ 3లో చూసిన బద్ధకపు బైకు వైపు వెళ్లిపోతాం.

ఎండ కూడా ఆటాడుతుంది. స్టాండ్ మీద నిలబెట్టిన బైకుకి వెనక టైరు ఎండలో, ముందు టైరు నీడలో ఉంటే వెనకది పీఎస్ఐకి పైగా ఎక్కువ చూపించింది. రెండు చక్రాలకీ తడి లేని గుడ్డ కప్పి, అరగంట నీడలో ఉంచాకే కొలుస్తున్నాం.

దశ 7: 8 లాప్‌ల రేసులో ఏ లాప్‌కి ఎంత

ప్రాక్టీసులో చివర కొలిచే వేడి అంకె రేసులో ఎప్పుడు వస్తుంది? దీనికోసం పూర్తిగా చల్లారిన టైర్లతో 2, 4, 6, 8, 12 లాప్‌లు విడివిడిగా తిప్పి, ఆగిన వెంటనే కొలిచాం. ఒక్కోదానికీ మధ్య గంటన్నర ఆగాలి. ఓపిక పట్టే పని, కానీ ఈ డైరీలో అన్నిటికన్నా విలువైన అంకెలు ఇవే.

ముందు (24.7 నుంచి) పెరిగినది: 1.3, 2.5, 3.3, 3.7, 3.8.
వెనక (24.2 నుంచి) పెరిగినది: 1.7, 3.2, 4.2, 4.7, 4.8.

నాలుగో లాప్ అయ్యేసరికి పెరగాల్సిన దాంట్లో మూడింట రెండొంతులే పెరిగింది. రేసులో సగం అయిపోయింది! ఇరవై నిమిషాల సెషన్‌కి సరిపోయే చల్ల ప్రెషర్ 8 లాప్‌ల రేసుకి తక్కువన్నమాట. అందుకని రేసుకి మాత్రం చల్ల ప్రెషర్ పెంచి 25.2 / 24.8 పెట్టాం. చివరి రెండు లాప్‌లు లక్ష్యం మీద అర పీఎస్ఐ ఎక్కువుంటుంది, దాన్ని ఒప్పుకున్నాం. అంతకంటే పెంచితే మొదటి లాప్‌లో టైరు నలగక, వేడెక్కడం ఇంకా ఆలస్యమైంది.

టైర్ల మీద లాప్‌లు: 145. వెనక టైరు మార్చే సమయం వచ్చింది, కుడి భుజం అరుగుదల గుర్తు దాకా అరిగింది.

దశ 8: గుంపులో

రేసులో ముందు టైరు మా లెక్క దాటింది. ఒంటరిగా 8 లాప్‌లు తిరిగితే 29 దగ్గర ఆగేది, గుంపులో తిరిగొచ్చాక 29.8. ముందున్న బైకుల వెనక నక్కితే చల్లగాలి తగలదు, వాటి ఇంజిన్ వేడి వస్తుంది, బ్రేకులు కూడా ఎక్కువ పడతాయి. చివరి లాప్‌లలో బ్రేకు వదిలేచోట ముందు టైరు వెడల్పుగా జారుతోందని తమ్ముడు చెప్పింది ఇదే.

పెద్ద రేసుల్లో ఇదే తంటా తిరగబడి కనిపిస్తుంది. మోటోజీపీలో ముందు టైరుకి కనీస ప్రెషర్ నిబంధన 2023లో బ్రిటిష్ గ్రాండ్ ప్రి నుంచి శిక్షలతో అమలైంది. అప్పుడు 1.88 బార్, 2024 నుంచి 1.80 బార్, అంటే సుమారు 26.1 పీఎస్ఐ. ప్రధాన రేసులో 60 శాతం లాప్‌లు అంతకు పైన ఉండాలి, లేకపోతే 16 సెకన్లు కలుపుతారు. 2025 థాయ్‌లాండ్ రేసులో ముందున్న మార్క్ మార్కెజ్ కావాలనే తన తమ్ముడు అలెక్స్‌ని ముందుకి పోనిచ్చి, అతని వెనక వేడిలో ముందు టైరు ప్రెషర్ పెంచుకుని, చివర్లో దాటి గెలిచాడు. అదే ఏడాది ఖతార్‌లో రెండో స్థానంలో ముగింపు గీత దాటిన మావెరిక్ విన్యాలెస్ ఈ 16 సెకన్ల వల్లే పోడియం పోగొట్టుకున్నాడు.

మాకు కనీస నిబంధన లేదు, నిర్ణయం మాత్రం అలాంటిదే. క్వాలిఫయింగ్ (ఎవరు ఏ వరసలో బయల్దేరాలో తేల్చే రౌండ్) అయ్యాక ఇలా పెడుతున్నాం (36 డిగ్రీల లెక్క):

1. మొదటి వరస, ఒంటరిగా పోయే అవకాశం: 25.2 / 24.8.
2. మధ్యలో, గుంపు ఖాయం: 24.7 / 24.8.
3. వెనక చక్రానికి రెండింటిలోనూ ఒకటే, గుంపు దాన్ని పెద్దగా మార్చలేదు.

దశ 9: అదే బైకు, 48 కిలోల రైడర్

జూనియర్ క్లాసులో నడిపే పిల్లవాడు సూటుతో కలిపి 48 కిలోలు. తమ్ముడికన్నా 20 కిలోలు తక్కువ, మొత్తం బరువులో పదో వంతు కన్నా ఎక్కువ తేడా. మధ్యాహ్నం అదే 24.7 / 24.2తో పంపితే వెనక 27.7 దగ్గర ఆగిపోయింది. బరువు తక్కువ, టైరు తక్కువ నలిగింది, తక్కువ వేడెక్కింది.

లక్ష్యం 29 కదా అని చల్ల ప్రెషర్ 25.4కి పెంచాం. వేడి 29 వచ్చింది, లాప్ 0.4 నెమ్మదించింది, దశ 2లో లాగా వెనక చక్రం గతుకుల మీద ఎగిరింది. తక్కువ బరువుకి 29 ఎక్కువ. వెనక్కి 24.2కే వచ్చి, ఆ పిల్లవాడి పేజీలో వెనక వేడి లక్ష్యాన్ని 27.7 అని రాశాం. పెయింట్ గీత కదల్లేదు.

అంటే ఇద్దరికీ చల్ల ప్రెషర్ ఒక్కటే పడింది, వేడి లక్ష్యాలు మాత్రం వేరు. అందుకని ఇప్పుడు పుస్తకంలో బైకుకి పేజీ లేదు. రైడర్‌కి ఒక పేజీ, ఒక్కో పేజీలో ఈ ఆరు గళ్లు: గాలి ఉష్ణోగ్రత, చల్ల ప్రెషర్, లాప్‌లు, వేడి ప్రెషర్, గీత జరిగిన మిల్లీమీటర్లు, రైడర్ మాట.